కలందాన్ నుంచి కంప్యూటర్ దాకా: కుర్చీ ఉద్యోగి నడుం నొప్పి చరిత్ర

విశ్రాంత ఉద్యోగులు నలుగురు ఒకచోట కలిస్తే మొదట వచ్చే మాట డి.ఏ. గురించి, రెండవది ఒంటి నొప్పుల గురించి. ఒకరికి నడుం, ఒకరికి మెడ, ఒకరికి భుజం, టైపిస్టుగా చేసినవారికి మణికట్టు. "వయసు మీద పడింది, ఏం చేస్తాం" అనుకుని సరిపెట్టుకుంటాం. కాని వయసు ఒక్కటే దీనికి కారణం కాదు. ముప్పై, ముప్పై అయిదేళ్ళు ఒకే కుర్చీలో, ఒకే బల్ల మీదికి వంగి, గంటల తరబడి కదలకుండా చేసిన పని కూడా ఇందులో తన పాలు పంచుకుంది. ఈ సంగతి వైద్యులు కనిపెట్టి మూడు వందల ఏళ్ళు దాటింది. ఆ నొప్పికి మందు సీసాలో కంటే కదలికలో ఎక్కువగా ఉందని తెలిసి కూడా చాలా కాలమయింది. అయినా ఆ మాట మన తాలూకా కచేరీల దాకా రావడానికి ఎంత ఆలస్యమయిందో, ఎందుకు ఆలస్యమయిందో తెలుసుకోవడం మనకూ, మన పిల్లలకూ అవసరం. అందుకే ఈ వ్యాసం.

నేల మీది రాతపని

పూర్వం మన పల్లెల్లో రాతపని నేల మీదే జరిగేది. పట్వారీ చాప మీదనో జంపఖానా మీదనో బాసింపట్టు వేసుకుని కూర్చుని, ముందు ఏటవాలు మూత ఉన్న రాతపెట్టె పెట్టుకునేవాడు. పక్కన కలందాన్, అందులో కలాలు, సిరాబుడ్డి. వెన్ను వంగేది, మెడ వంగేది, నిజమే. కాని పట్వారీ రోజంతా అక్కడే కూర్చునేవాడు కాదు. అజ్మాయిషీకి పొలాల వెంట తిరగాలి, గట్లు దాటాలి, పైఅధికారి వస్తే ఎదురు వెళ్ళాలి. నేల మీద నుంచి లేవడం, మళ్ళీ కూర్చోవడం కూడా ఒక వ్యాయామమే. తుంటి, మోకాలు, తొడ కండరాలు మూడూ పనిచేస్తేనే మనిషి నేల మీద నుంచి లేవగలడు.

సాలార్జంగ్ సంస్కరణల కాలంలో, 1860 దశకంలో, నిజాం రాజ్యంలో జిల్లాబందీ జరిగి జిల్లాలు, తాలూకాలు క్రమపడ్డాయి. తాలూకాకు ఒక తహసీల్ కచేరి, అందులో పేష్కార్లు, అహల్కార్లు, వారి ముందు దస్త్రాల బస్తాలు. 1880 దశకంలో ఫారసీ స్థానంలో ఉర్దూ వచ్చింది. 1948 పోలీసు చర్య తరువాత ఇంగ్లీషు, 1966 అధికార భాషా చట్టం తరువాత క్రమంగా తెలుగు వచ్చాయి. భాష మారినప్పుడల్లా గుమాస్తా చెయ్యి కొత్త రాత నేర్చింది. కుడి నుంచి ఎడమకు రాసిన చెయ్యే ఎడమ నుంచి కుడికి రాసింది. మారనిది వంగిన మెడ ఒక్కటే.

మన ప్రాంతంలో ఈ రాతపని భారం మరికాస్త ఎక్కువ. తాండూరు, కొడంగల్ ప్రాంతాలు 1956 వరకు గుల్బర్గా జిల్లాలో ఉండేవి. పరిగి తాలూకా మొదట మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, తరువాత హైదరాబాదు జిల్లాలో చేరింది. 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా అయింది. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లా మాత్రం మారుతూ వచ్చింది. మారినప్పుడల్లా రికార్డులు మూటలు కట్టడం, జాబితాలు రాయడం, నకళ్ళు తీయడం ఎవరి పనో వేరే చెప్పనక్కర లేదు. ఈనాటికీ భూవివాదం వస్తే మొదట అడిగే 1954-55 ఖాస్రా పహాణీ సర్వే నెంబరు వారీగా చేతితో రాసినదే. ఆ పుటలు తిరగేసేటప్పుడు దాని వెనుక ఉన్న వెన్నుపూసలను కూడా ఒకసారి తలచుకోవడం న్యాయం.

కుర్చీ వచ్చింది, నడక పోయింది

కచేరీలో బల్ల, కుర్చీ వచ్చాక హోదా పెరిగింది. కాని ఆ బల్ల ఎత్తు ఒక్కటే, కూర్చునే మనుషులు మాత్రం రకరకాలు. పొట్టివారి కాళ్ళు నేలకు ఆనేవి కావు, పొడుగువారు నడుం వంచి రాసేవారు. తీగ అల్లిన కుర్చీ నాలుగేళ్ళకు కుంగి ఊయలలా అయ్యేది, అందులో ఇంటి నుంచి తెచ్చిన దిండు వేసుకునేవాళ్ళం. జమాబందీ రోజుల్లో, మార్చి నెలాఖరు బిల్లుల వేళ, ఎన్నికల జాబితాల సమయంలో రాత్రి పది దాటినా తల ఎత్తే వీలుండేది కాదు. నొప్పి భరించలేకపోతే సెలవు దొరికేది గాని, కుర్చీ మార్చడం అనే మాట ఎవరికీ తట్టేది కాదు.

పైగా ఆ నొప్పి గురించి చెప్పుకోవడమే నామోషీగా ఉండేది. చుట్టూ ఉన్నది తాండూరు బండల ప్రాంతం. గనుల్లో మనిషి ఎండలో నిలబడి సుత్తెతో రాయి చీలుస్తాడు. కూలివాళ్ళు బండలు మోస్తారు. రైతు కంది చేనులో పొద్దంతా వంగి ఉంటాడు. వాళ్ళ ముందు "నీడపట్టున కుర్చీలో కూర్చునేవాడికి నడుం నొప్పి" అంటే నవ్వరా? అందుకని గుమాస్తా తన నొప్పిని ఇంట్లో దాచుకున్నాడు. ఇల్లాలు వావిలాకు వేసి కాచిన నీళ్ళతో కాపడం పెట్టేది. ఉప్పు మూట, వేడి ఇటుక, నువ్వుల నూనె మర్దన ఉండనే ఉన్నాయి. వేడి కాపడంతో బిగిసిన కండరం సడలుతుంది, ఆ పూటకు నొప్పి తగ్గుతుంది. మర్నాడు మళ్ళీ అదే కుర్చీ, అదే ఫైలు.

కష్టజీవి నడుం నొప్పి వేరు, కుర్చీ మనిషి నడుం నొప్పి వేరు. మొదటిది మోయలేని బరువుతో వచ్చేది. రెండవది కదలిక లేక వచ్చేది. రెండూ నిజమైన నొప్పులే. ఈ మాటను మొట్టమొదట పుస్తకంలో పెట్టిన వైద్యుడు ఇటలీ దేశస్థుడు.

ఇటలీ వైద్యుడు, లేఖకుల జబ్బులు

ఆయన పేరు బెర్నార్డినో రామజీని. మోడెనా నగరంలో ఆచార్యుడుగా ఉంటూ 1700లో పనివారి వ్యాధుల మీద ఒక గ్రంథం ప్రచురించాడు. గని కార్మికులు, కుమ్మరులు, చాకలివారు, ఇలా ఒక్కొక్క వృత్తినీ తీసుకుని ఆ వృత్తి వల్ల వచ్చే జబ్బులను వివరించాడు. రోగిని చూసినప్పుడు వైద్యుడు అడగవలసిన ప్రశ్నల్లో "నీవు చేసే పని ఏమిటి?" అన్నది కూడా చేర్చమన్నవాడు ఆయనే.

1713లో వచ్చిన రెండవ ముద్రణలో లేఖకుల గురించి ప్రత్యేకంగా రాశాడు. వారి బాధలకు మూడు కారణాలు చెప్పాడు. ఒకటి, ఎప్పుడూ కూర్చునే ఉండడం. రెండు, చేతిని ఎడతెగకుండా ఒకే తీరున కదపడం. మూడు, లెక్క తప్పుతుందేమో, పై అధికారికి నష్టం వస్తుందేమో అన్న మనసులోని ఒత్తిడి. ఆడిట్ అభ్యంతరం వచ్చిన రోజు మెడ నరాలు ఎలా బిగుసుకుంటాయో అనుభవించిన మనకు ఈ మూడవ కారణం ఎంత నిజమో వేరే చెప్పాలా? కుడి చెయ్యి పడిపోయి, ఎడమ చేత్తో రాయడం నేర్చుకున్న ఒక నోటరీ గురించి కూడా ఆయన రాశాడు. కొన్నాళ్ళకు ఆ ఎడమ చేతికీ అదే జబ్బు పట్టుకుందట. రోజంతా కూర్చుని పనిచేసేవారు కనీసం సెలవు దినాల్లోనయినా వ్యాయామం చేయాలన్నది ఆయన సలహా.

తరువాతి శతాబ్దంలో ఇంగ్లండులో ఉక్కు పాళీలు వాడుకలోకి వచ్చాయి. ప్రభుత్వ గుమాస్తాల్లో కొందరికి రాయబోతే వేళ్ళు కొంకర్లు పోయే జబ్బు కనిపించింది. మిగతా పనులన్నీ చేసే చెయ్యి కలం పట్టగానే మొరాయించేది. కొందరు దాన్ని పాళీ తప్పన్నారు, కొందరు సోమరితనమన్నారు. మెదడు నుంచి చేతికి వెళ్ళే ఆజ్ఞలు గజిబిజి కావడం వల్ల వచ్చే లోపమని ఇప్పుడు తెలుసు. ఆ తరువాత టెలిగ్రాఫ్ గుమాస్తాలకు ఇలాంటిదే వచ్చింది. కట్టు కట టక్కు మని మోర్సు మీట నొక్కి నొక్కి చెయ్యి పడిపోయేది. 1908లో బ్రిటిష్ ప్రభుత్వం ఈ టెలిగ్రాఫ్ జబ్బును నష్టపరిహారం పొందదగిన ఉద్యోగపు వ్యాధుల పట్టికలో చేర్చింది. బల్ల ముందు పనిచేసేవాడి నొప్పికి చట్టం ఇచ్చిన తొలి గుర్తింపుల్లో ఇది ఒకటి.

కదలికే మందు అన్నవారు

జబ్బును గుర్తించడం ఒక ఎత్తయితే, దానికి చికిత్స కనిపెట్టడం మరొక ఎత్తు. ఈ రెండవ కథ స్వీడన్‌లో మొదలవుతుంది. పెర్ హెన్రిక్ లింగ్ అనే కత్తిసాము గురువు క్రమబద్ధమైన వ్యాయామంతో శరీరాన్ని బాగుచేయవచ్చునని నమ్మి 1813లో స్టాక్‌హోంలో ఒక వ్యాయామ విద్యాలయం స్థాపించాడు. రాజ్యం దానికి అండగా నిలిచింది. అక్కడ చదివినవారు యూరప్ అంతటా వ్యాయామ చికిత్సను వ్యాపింపజేశారు.

ఇంగ్లండులో 1894లో నలుగురు నర్సులు కలిసి మర్దన చికిత్స నేర్చిన స్త్రీల సంఘం ఒకటి ప్రారంభించారు. అప్పట్లో ఆ పేరుతో నగరాల్లో సాగుతున్న మోసాల నుంచి తమ వృత్తిని కాపాడుకోవడం వారి ఉద్దేశం. పరీక్షలు పెట్టారు, నియమాలు రాశారు. నేటి బ్రిటిష్ ఫిజియోథెరపీ సంఘానికి మూలం అదే. ఆ తరువాత మొదటి ప్రపంచ యుద్ధంలో వేలాది సైనికులు చేతులు, కాళ్ళు దెబ్బతిని తిరిగివచ్చారు. వారిని మళ్ళీ నడిపించే పని ఈ వృత్తికి గౌరవం తెచ్చింది.

మన దేశంలో ఈ ఆలోచన కొత్తది కాదు. తాలీంఖానాల్లో పహిల్వాన్లు బెణుకులు సరిచేసేవారు. ఆసనాలు మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నాయి. 1924లో స్వామి కువలయానంద లోనావాలాలో కైవల్యధామ స్థాపించి ఆసనాలను శాస్త్రీయ పరీక్షకు పెట్టారు. అయితే ఆసుపత్రిలో ఒక విభాగంగా ఫిజియోథెరపీ మన దేశానికి వచ్చింది పోలియో వల్ల. పిల్లల కాళ్ళు చచ్చుబడుతుంటే వారికి వ్యాయామం చేయించేవారు కావలసి వచ్చారు. 1950 దశకం మొదట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో శిక్షణ పాఠశాల మొదలయింది. 1955లో భారత ఫిజియోథెరపిస్టుల సంఘం ఏర్పడింది. పోలియో పిల్లల కోసం వచ్చిన విద్యే ఆ తరువాత గుమాస్తాల నడుముకు, మెడకు కూడా పనికివచ్చింది. 2014లో మన దేశం పోలియో రహితమని ధ్రువీకరణ పొందింది. పోలియో పోయింది, దాని వెంట వచ్చిన విద్య మాత్రం నిలిచింది.

హైదరాబాదులో 1960 దశకంలో నిజాం ట్రస్టు ధర్మమా అని పంజాగుట్టలో ఎముకల ఆసుపత్రి వచ్చింది. అదే ఈనాటి నిమ్స్. మన వైపు నుంచి నడుం పట్టినవారు చేవెళ్ళ మర్రిచెట్ల దారిన బస్సులోనో, వికారాబాద్ వచ్చి రైల్లోనో అంత దూరం కుదుపులు తింటూ పోవలసి వచ్చేది. వెళ్ళినవారు అక్కడ చూసినవి కొత్త సంగతులు. కాలికి తూకాలు కట్టి లాగే ట్రాక్షన్, మైనం కాపడం, మెడకు కాలర్, నడుముకు బెల్టు. యంత్రంతో వేడి పెట్టించుకోవడాన్ని మనవాళ్ళు "కరెంటు పెట్టించుకోవడం" అనేవారు. తిరిగివచ్చేటప్పుడు చీటీ మీద చివరన చిన్న అక్షరాల్లో రాసి ఉండే వ్యాయామాలను మాత్రం చాలామంది పట్టించుకునేవారు కారు. బెల్టు కొన్నాం కదా, ఇక వ్యాయామం ఎందుకన్న ధీమా.

పడక విశ్రాంతి తప్పని తేలిన రోజు

మన ఉద్యోగ కాలంలో నడుం నొప్పికి అందరూ చెప్పిన మాట ఒక్కటే. చెక్క బల్ల మీద పడుకో, మూడు వారాలు కదలకు. ఎంతోమంది అలాగే పడుకున్నారు, లేచేసరికి ఉన్న కాస్త బలం కూడా పోయింది.

ఈ నమ్మకం ఒక్కరోజులో మారలేదు. 1956లో న్యూజిలాండులో రాబిన్ మెకంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గర ఒక రోగి పొరపాటున తల వైపు ఎత్తుగా ఉన్న బల్ల మీద బోర్లా పడుకున్నాడు. అయిదు నిమిషాల తరువాత చూస్తే ఆయన కాలి నొప్పి తగ్గి ఉంది. నడుం వెనక్కు వంగితే హాని అనుకునే రోజులవి. మెకంజీ ఆ సంఘటనను పట్టుకుని ఒక చికిత్సా పద్ధతినే రూపొందించాడు, రోగి తన నడుమును తానే బాగుచేసుకోవచ్చునని పుస్తకం రాశాడు. మన భుజంగాసనం తెలిసినవారికి ఆ భంగిమ కొత్తగా తోచదు. 1969లో స్వీడన్‌లో నడుం నొప్పి రోగులకు పాఠాలు చెప్పే తరగతులు మొదలయ్యాయి. ఎలా కూర్చోవాలి, ఎలా వంగాలి, బరువు ఎలా ఎత్తాలి అన్నవి అక్కడ బోధించేవారు.

1986లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో రెండు రోజుల విశ్రాంతికీ, ఏడు రోజుల విశ్రాంతికీ నొప్పి తగ్గడంలో తేడా కనిపించలేదు. తేడా అల్లా రెండు రోజులు పడుకున్నవారు త్వరగా పనిలోకి వచ్చారు. 1995లో ఫిన్లాండు రాజధాని హెల్సింకిలో జరిగిన పరిశోధన మనకు మరీ దగ్గరిది, ఎందుకంటే అందులో పాల్గొన్న 186 మందీ ఆ నగర ప్రభుత్వ ఉద్యోగులే. అప్పటికప్పుడు నడుం పట్టిన ఆ ఉద్యోగుల్లో కొందరిని రెండు రోజులు పడుకోమన్నారు, కొందరికి నడుం వ్యాయామాలు చెప్పారు, కొందరిని ఓర్చుకోగలిగినంత మేరకు మామూలు పనులు చేసుకోమన్నారు. అందరికంటే ముందుగా కోలుకున్నది మామూలుగా తిరిగినవారే. అంటే నొప్పి కొత్తగా పట్టినప్పుడు మంచమూ అక్కరలేదు, కష్టమైన వ్యాయామమూ అక్కరలేదు. మెల్లగా తిరుగుతూ ఉండడమే మేలు. నొప్పి పాతబడి నెలల తరబడి వేధించేటప్పుడు క్రమం తప్పని వ్యాయామం అవసరం.

కూర్చునే తీరు మీద కూడా అభిప్రాయాలు మారాయి. 1960 దశకంలో స్వీడన్ వైద్యుడు నాకెమ్సన్ వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని చక్రంలో ఒత్తిడిని సూదితో కొలిచి, ఆనుడు లేకుండా కూర్చుంటే నిలబడినప్పటి కంటే ఒత్తిడి పెరుగుతుందని చెప్పాడు. 1999లో జర్మనీలో మళ్ళీ కొలిస్తే, వెనక్కు ఆని సడలించి కూర్చున్నప్పుడు అంత తేడా లేదని తేలింది. దీన్నిబట్టి తెలిసేదేమిటి? కూర్చోవడమే పాపం కాదు. ఎంత చక్కగా కూర్చున్నా గంటల తరబడి అలాగే ఉండిపోవడమే కీడు.

ఇది నడుముకే పరిమితం కాదు. 1953లో లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించాడు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, రోజుకు వందల మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా కనిపించింది. తపాలా శాఖలోనూ అంతే. కూర్చుని పనిచేసే గుమాస్తాల కంటే నడిచే పోస్టుమాన్ల గుండె గట్టిది.

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పి మీద సూచనలు వెలువరించింది. 2020 నాటికి ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షల మంది నడుం నొప్పితో ఉన్నారని లెక్క చెప్పింది. వ్యాయామం, నొప్పి స్వభావాన్ని రోగికి వివరించి చెప్పడం, మర్దన, మనసుకు ధైర్యం ఇచ్చే చికిత్స మంచివన్నది. నడుం బెల్టులు, ట్రాక్షన్, మత్తు కలిగించే నొప్పి మాత్రలు మామూలుగా వాడవద్దన్నది. మనం డబ్బు పోసి కొన్నవి ఏవి, చీటీ మీద వదిలేసినవి ఏవి అని ఆలోచించుకోవలసిన విషయం.

టైపు మిషన్, కంప్యూటర్

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాతి దశాబ్దాల్లో మన ఆఫీసుల్లో టైపు మిషన్ల టకటకలు పెరిగాయి. గోద్రెజ్ సంస్థ 1955లో మన దేశంలో టైపు మిషన్లు తయారుచేయడం మొదలుపెట్టింది. లోయర్, హయ్యర్ పరీక్షల కోసం ఎంతమంది ఇన్‌స్టిట్యూట్ల చుట్టూ తిరిగారో! తెలుగు మిషన్ మీద గుణింతాలకు, వత్తులకు మీట మీద మీట కొట్టాలి. నాలుగు కార్బన్లు పెడితే బలంగా కొట్టాలి. అయితే అందులో ఒక మేలు ఉండేది. పంక్తి చివర చెయ్యి ఎత్తి క్యారేజీ తోయాలి, కాగితం మార్చాలి, సంతకానికి లేచి వెళ్ళాలి. పని మధ్యలో చేతికి తెలియకుండానే విశ్రాంతి దొరికేది.

కంప్యూటర్ ఆ చిన్న విరామాలను కూడా తీసేసింది. ఆస్ట్రేలియాలో 1980 దశకం మధ్యలో కీబోర్డు మీద పనిచేసే టెలికాం ఉద్యోగుల్లో చెయ్యి, మెడ నొప్పులు అంటువ్యాధిలా వ్యాపించి దేశమంతా చర్చ జరిగింది. మన రాష్ట్రంలో 1998లో రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో కంప్యూటర్లు వచ్చాయి. 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చాయి. దస్త్రం బస్తా పోయి తెర వచ్చింది, తెర ముందు వంగిన మెడ మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు మనం చేయదగినవి

ముందు జాగ్రత్త మాట. నడుం నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రపట్టనివ్వని నొప్పి ఉంటే వ్యాయామం జోలికి పోకుండా డాక్టరును కలవాలి. వెన్నుపూసకు క్షయ సోకవచ్చు. ఆ సంగతి అనంతగిరి క్షయ ఆసుపత్రి ఉన్న ఈ ప్రాంతంవారికి కొత్త కాదు. కాళ్ళలో బలం తగ్గడం, మలమూత్రాలు అదుపు తప్పడం, జారిపడ్డ తరువాత మొదలైన నొప్పి, ఇవి ఆలస్యం చేయరాని లక్షణాలు. ఎడమ భుజం నొప్పితో చెమటలు పడితే అది గుండెది కావచ్చు.

ఇక రోజూ చేసుకోదగినవి.

ఒకటి, కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి నిలబడి, మెల్లగా మళ్ళీ కూర్చోవడం. అయిదుతో మొదలుపెట్టి పదికి పెంచవచ్చు. పట్టు తప్పే భయం ఉన్నవారు ముందు బల్ల పెట్టుకోవాలి.

రెండు, గడ్డాన్ని కిందికి వంచకుండా నేరుగా వెనక్కు లాగి అయిదు లెక్కపెట్టి వదలడం. పదిసార్లు చేస్తే పేపరు చదివి, ఫోను చూసి ముందుకు సాగిన మెడకు హాయి.

మూడు, భుజాలను చెవుల దాకా ఎత్తి వెనక్కు తిప్పి వదలడం. పది సార్లు.

నాలుగు, బోర్లా పడుకుని రెండు మూడు నిమిషాలు ఉండి, సుఖంగా ఉంటే మోచేతుల మీద ఛాతీ ఎత్తడం. అయితే నడిస్తే కాళ్ళు లాగి, కూర్చుంటే తగ్గేవారు దీన్ని చేయకూడదు. వారికి నరాల దారి ఇరుకై ఉండవచ్చు, వెనక్కు వంగితే నొప్పి పెరుగుతుంది.

అయిదు, నడక. వారానికి 150 నిమిషాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. పెద్దవారు వారానికి మూడు రోజులు పట్టు నిలిపే వ్యాయామం కూడా చేయాలని ఆ సంస్థ చెబుతుంది. గోడ పట్టుకుని ఒంటికాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలబడడం అలాంటి వ్యాయామాల్లో ఒకటి. ఎందుకంటే మన వయసులో పడిపోవడం నడుం నొప్పి కంటే ప్రమాదం.

కుర్చీలో కాళ్ళు నేలకు ఆనాలి, ఆనకపోతే పీట వేసుకోవాలి. నడుం వెనుక తువ్వాలు చుట్టి పెట్టుకుంటే చాలు, ఖరీదైన కుర్చీ అక్కర లేదు. టీవీ ముందు అరగంటకొకసారి లేవాలి. కొత్త వ్యాయామం ఏదయినా అర్హత ఉన్న ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి నేర్చుకుని ఇంట్లో చేసుకోవడం ఉత్తమం. ఈ వృత్తికి 2021లో కేంద్రం చట్టం చేసి గుర్తింపు ఇచ్చింది. వయోవృద్ధుల జాతీయ ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ సదుపాయం ఉండాలన్నది నియమం. తాండూరులో జిల్లా ఆసుపత్రి ఉంది, వికారాబాద్‌లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయింది. అక్కడికి వెళ్ళినప్పుడు మాత్రల చీటీతో తృప్తిపడక, ఈ సదుపాయం ఏదని అడగడం మన హక్కు. పెన్షను ఎవరి దయా కాదని, చేసిన సేవకు ప్రతిఫలమని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సేవలో అరిగిన నడుముకు చికిత్స అడగడానికి మొహమాటం ఎందుకు?

పిల్లలకు చెప్పవలసిన మాట

మన పిల్లలు, మనుమలు చాలామంది హైదరాబాదులో కంప్యూటర్ల ముందు పనిచేస్తున్నారు. 2020 కరోనా కాలంలో ఎందరో ఇళ్ళకు తిరిగివచ్చి, మంచం మీద ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పని చేశారు. కొందరు ఇప్పటికీ అలాగే చేస్తున్నారు. చూడబోతే పట్వారీ రాతపెట్టె మళ్ళీ వచ్చినట్టే ఉంది. తేడా ఏమిటంటే, పట్వారీ అజ్మాయిషీకి లేచి పోయేవాడు, వీళ్ళు అన్నానికి కూడా లేవడం లేదు.

వాళ్ళకు మూడు మాటలు చెబుదాం. తెర కళ్ళ ఎత్తుకు రావాలి, కింద నాలుగు పుస్తకాలు పెట్టినా సరే. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి. నొప్పి మొదలైన నెలలోనే చూపించుకోవాలి, మనలా ముప్పై ఏళ్ళు దాచుకోకూడదు. చెప్పడంతో ఆగక సాయంత్రం వాళ్ళను వెంటబెట్టుకుని నడకకు బయలుదేరితే ఇంకా మంచిది. మాట వినని పిల్లలు కూడా తాతతో నడకకు వస్తారు. దారిలో పాత కచేరి కబుర్లు చెప్పుకోవచ్చు, రెండు తరాల నడుములూ బాగుపడతాయి.

సభ్యులందరూ, వారి కుటుంబ సభ్యులూ ఆయురారోగ్యాలతో ఉండాలని, వచ్చే సర్వసభ్య సమావేశానికి అందరూ నడిచి వచ్చి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలగాలని కోరుకుంటూ సెలవు.